లక్క నుంచి బయోప్లాస్టిక్ దాకా: మన అడవి వస్తువుల కథ

పోయినేడు ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం రోజు, మా హాస్టల్ పిల్లల్ని తీసుకుని ఒక సభకు వెళ్లాం. అది ఎవరి సభో, ఎక్కడ జరిగిందో ఇక్కడ అనవసరం. ధింసా బాగా ఆడారు. అడవే మన తల్లి అని మాట్లాడినవాళ్లంతా చెప్పారు. మధ్యాహ్నం భోజనాలకు కూర్చుంటే చేతికి వెండిరంగు పూత ఉన్న పేపరు ప్లేటు, పల్చటి ప్లాస్టిక్ గ్లాసు వచ్చాయి. తిన్నాక అవన్నీ సభాస్థలం వెనక గెడ్డలో పడ్డాయి. తిరిగి వస్తుంటే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "మేడమ్, మన పండగలో మన అడ్డాకు ఎందుకెయ్యలేదు? ఆకులో పెడితే బీదోళ్ల భోజనం అనుకుంటారనా?"

అప్పటికి ఏదో సర్దిచెప్పాం. నిజానికి మా దగ్గర సరైన జవాబు లేదు. తర్వాత పుస్తకాలు తిరగేశాం, పెద్దవాళ్లను అడిగాం, హాస్టల్ పెరట్లో గుంటలు కూడా తవ్వాం. ఆ పిల్ల ప్రశ్నకు ఏడాది ఆలస్యంగా ఇస్తున్న జవాబు ఇది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరూ వినండి.

మన ఇళ్లల్లో ప్లాస్టిక్ రాకముందు

మీ అమ్మమ్మల కాలంలో ఇంట్లో ఏముండేవో ఒకసారి అడిగి చూడండి. పొలానికి నీళ్లు, అంబలి తీసుకెళ్లడానికి ఆనప బుర్ర. వానలో తల మీద గిడుగు. తాగడానికి ఆకు డొప్ప, గింజలు దాచడానికి వెదురు గాదె, కట్టెలు కట్టడానికి నార తాడు. పగిలినా చిరిగినా వాటిని పెంట మీద వేసేవారు. మరుసటేడుకు అవి పొలంలో ఎరువు. "చెత్త" అనే మాట మన ఊళ్లలో అప్పట్లో ఆకులలములకే గానీ వేరేదానికి వాడేవారు కాదని మా పెద్దమ్మ చెప్పేది.

వీటిలో చాలా వస్తువులకు మూలం ఒకే తీగ, అడ్డతీగ. శాస్త్రంలో దాన్ని బౌహీనియా వాహ్లీ అంటారు. ఆకు ఎద్దు గిట్టలా రెండుగా చీలి, పెద్దవాళ్ల అరచేతి కంటే వెడల్పుగా ఉంటుంది. పెద్ద చెట్లను చుట్టుకుంటూ పైకి పాకుతుంది. ఆకుల్ని వెదురు పుల్లలతో కుడితే విస్తరి, మడిచి కుడితే డొప్ప, వెదురు చట్రం మీద పరిస్తే గిడుగు. బెరడు నారతో తాడు పేనుతారు. పిక్కలు కాల్చుకుని తింటారు. అడ్డతీగల అనే ఊరి పేరులోనే ఈ తీగ ఉంది. 1922లో అల్లూరి సీతారామరాజు దళం ఆ ఊరి పోలీసు స్టేషన్ మీదకు కూడా వెళ్లిందని మీరు పాఠంలో చదివే ఉంటారు.

ఇంకో మాట కూడా తెలుసుకోండి. ఇంగ్లీషువాళ్ల కాలం నాటి అడవి శాస్త్రం ఈ తీగను శత్రువుగా చూసింది. కలప చెట్లను చుట్టి పెరగనివ్వదని దొరికిన చోటల్లా నరికించేవారు. టేకు, సాల మానులైతే వాళ్లకు డబ్బు. తీగ మనకు కంచం, గొడుగు, తాడు. ఒకే అడవి అయినా లెక్క ఎవరు రాశారన్న దాన్నిబట్టి పనికొచ్చేది, పనికిరానిది మారిపోయాయి.

ప్రపంచం వాడిన మొదటి "ప్లాస్టిక్" మన చెట్ల మీదిదే

తెలంగాణ వైపు విస్తర్లు మోదుగ ఆకులతో కుడతారు. అదే మోదుగ మీద, పుసుగు చెట్టు మీద, రేగు మీద ఒక చిన్న పురుగు బతుకుతుంది. కొమ్మల రసం పీల్చి, ఒంటి చుట్టూ ఎర్రటి జిగురు గూడు కట్టుకుంటుంది. అదే లక్క. లక్క అంటే మీకు గాజులు, సీలు వేసే ఎర్ర మైనం, ఏటికొప్పాక బొమ్మలు గుర్తొస్తాయేమో. మహాభారతంలో లక్క ఇల్లు కూడా గుర్తొస్తుంది. ఆ ఇంటికి నిప్పంటుకున్నప్పుడు పాండవులు సొరంగంలో తప్పించుకున్నారని అందరికీ తెలుసు. అదే రాత్రి ఆ ఇంట్లో నిద్రపోయిన ఒక నిషాద తల్లి, ఆమె ఐదుగురు కొడుకులు కాలిపోయారన్న సంగతి చాలామంది చెప్పరు. వాళ్ల పేర్లేమిటో కథలో లేదు.

లక్కకు ఒక వింత గుణం ఉంది. వేడి చేస్తే మెత్తబడుతుంది, ఏ అచ్చులో పోస్తే ఆ ఆకారం వస్తుంది, చల్లారితే గట్టిపడుతుంది, మళ్లీ వేడి చేస్తే మళ్లీ కరుగుతుంది. మన సైన్సు పుస్తకంలో థర్మోప్లాస్టిక్ అన్న మాటకు ఇదే అర్థం. అంటే లక్క ప్రకృతి ఇచ్చిన ప్లాస్టిక్. పైగా మట్టికి హాని చేయదు.

లక్క ఎక్కువగా పండేది జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, బెంగాల్ అడవుల్లో. ముండా, ఉరావ్, సంతాల్, గోండు కుటుంబాలు దీన్ని తరతరాలుగా పెంచుతున్నాయి. ముదిరిన కొమ్మను కొత్త కొమ్మకు కడితే పురుగులు కిందకు దిగి అక్కడ కాపురం పెడతాయి. పంట కోశాక కొమ్మ నుంచి గీకి, దంచి, కడిగి, పొడవాటి గుడ్డ సంచిలో పోసి నిప్పు ముందు కరిగిస్తారు. గుడ్డలోంచి కారిన లక్క ముద్దను ఒక మనిషి చేతులతో, కాళ్లతో, పళ్లతో పట్టుకుని పెద్ద రేకులా సాగదీస్తాడు. మిర్జాపూర్ వంటి చోట్ల కార్ఖానాల్లో ఇలాగే చేసేవారు. ఆ రేకు ముక్కలే పైదేశాల్లో షెల్లాక్.

1890ల నాటికి గ్రామఫోను రికార్డులు లక్కతో చేయడం మొదలైంది. లక్కలో మెత్తటి రాతిపొడి, నల్ల రంగు కలిపి, వేడి అచ్చులో నొక్కితే రికార్డు తయారయ్యేది. 1908లో కలకత్తా సియాల్దాలో రికార్డుల కర్మాగారం పెట్టారు. మన తెలుగు నాటక పద్యాలు కూడా ఇళ్లల్లో మోగింది అలాంటి లక్క పలకల మీదే. ఆ పాటలు ప్రపంచం మొత్తం విన్నది, మోదుగ కొమ్మ ఎక్కి లక్క గీకిన ఆదివాసీ చేతుల కష్టం మీద. రికార్డు మీద పాడినవారి పేరు, కంపెనీ పేరు ఉండేవి. మూడో పేరు ఎక్కడా లేదు.

కరెంటు వచ్చాక తీగలకు పూత వేయడానికి లక్క ఇంకా ఎక్కువ కావాల్సి వచ్చింది. పురుగు తొందరపడదు కదా, ధర పెరిగింది. అప్పుడు అమెరికాలో ఉన్న లియో బేక్‌లాండ్ అనే బెల్జియం రసాయన శాస్త్రవేత్త లక్కకు బదులు మనుషులే తయారుచేసుకోగల పదార్థం కోసం వెతికాడు. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి 1907లో ఒక గట్టి పదార్థం చేశాడు. 1909లో లోకానికి ప్రకటించాడు. అదే బేకలైట్, పూర్తిగా కృత్రిమంగా తయారైన మొదటి ప్లాస్టిక్. మన పాత ఇళ్లలో కనిపించే నల్ల స్విచ్చులు, నల్ల టెలిఫోన్లు దానితో చేసినవే. దాని కంటే ముందు 1862లో అలెగ్జాండర్ పార్క్స్ లండన్‌లో చూపించిన పదార్థం, తర్వాత అమెరికాలో వచ్చిన సెల్యులాయిడ్ పత్తి, కర్పూరం వంటి చెట్ల సరుకుతో చేసినవి. బేకలైట్‌కు చెట్టుతో పని లేదు.

మాకు ఈ ఘట్టం ముఖ్యంగా తోచింది. ప్లాస్టిక్ యుగం ఎక్కడో చంద్రుడి మీంచి రాలేదు. అడవిలో పండే లక్క వద్దనుకుని మొదలైంది.

లక్క వ్యాపారం అప్పుడే పోలేదు. 1924లో రాంచీ దగ్గర లక్క పరిశోధన సంస్థ కూడా పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల రాకపోకలు తగ్గి, 1942లో అమెరికా ప్రభుత్వం షెల్లాక్ వాడకం మీద కట్టుదిట్టాలు పెట్టింది. రికార్డుల కంపెనీలు పాత రికార్డుల్ని వెనక్కి కొని కరిగించుకున్నాయి. 1948లో వినైల్‌తో పొడవాటి రికార్డు వచ్చింది. ఆ తర్వాత లక్క గీకేవాళ్లకు కొనేవాళ్లు తగ్గారు. ధర ఎందుకు పడిపోయిందో చెట్టు ఎక్కే మనిషికి ఎవరూ వచ్చి చెప్పలేదు.

పాలిథిన్ కథ చిన్నదే. 1933లో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో అనుకోకుండా తయారైంది. యుద్ధంలో రాడార్ తీగలకు వాడారు. 1965లో స్వీడన్‌కు చెందిన సెల్లోప్లాస్ట్ కంపెనీ, ఇవాళ మన సంతల్లో వేలాడుతున్న చేతుల కవరుకు పేటెంటు తీసుకుంది. అక్కడి నుంచి సంతదాకా రావడానికి దానికి ఎక్కువ కాలం పట్టలేదు.

మట్టిలో కలిసే ప్లాస్టిక్ కోసం

మళ్లీ మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ కావాలన్న ఆలోచన కూడా కొత్తది కాదు. 1926లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మోరిస్ లెమోయిన్ అనే శాస్త్రవేత్త, కొన్ని సూక్ష్మజీవులు తమ ఒంట్లో ప్లాస్టిక్ లాంటి పదార్థాన్ని దాచుకుంటున్నాయని కనిపెట్టాడు. కరువుకు మనం గింజలు దాచుకున్నట్టే, అవి తిండి దొరకని రోజుల కోసం దాన్ని దాచుకుంటాయి. దాని పేరు పీహెచ్‌బీ. అవే దాచుకున్నాయి కాబట్టి సూక్ష్మజీవులకు దాన్ని తినడమూ తెలుసు. కానీ చమురు చౌకగా ఉన్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. 1973లో చమురు ధరలు ఎగిసిపోయాకే కంపెనీలకు గుర్తొచ్చింది. ఐసీఐ కంపెనీయే దాన్ని బయోపాల్ పేరుతో తయారుచేసింది. 1990లో జర్మనీలో ఒక షాంపూ సీసా దానితో వచ్చింది. మామూలు ప్లాస్టిక్ కంటే ఎన్నో రెట్లు ఖరీదు కావడంతో ఆ వ్యాపారం చేతులు మారి ఆగిపోయింది.

ఇప్పుడు మనకు ఎక్కువగా వినిపించేది పీఎల్ఏ. మొక్కజొన్న పిండిలోని చక్కెరను పులియబెడితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది. పెరుగుకు పులుపు తెచ్చేది కూడా అదే ఆమ్లం. దాన్ని గొలుసుల్లా కలిపితే పీఎల్ఏ. 2002లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం బ్లెయిర్‌లో దీనికి పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది. మన దగ్గర చూస్తే, 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూలకు డీఆర్‌డీఓ తయారుచేయించిన మొక్కజొన్న పిండి సంచులు పెట్టారు. హైదరాబాదులోని అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లాబొరేటరీ వాటి మీద పనిచేసింది. మూడు నెలల్లో కుళ్లిపోతాయని చెప్పారు. క్షిపణులు చేసే చోట లడ్డూ సంచి పుట్టిందంటే మా పిల్లలు నవ్వారు. ప్రయత్నం మంచిదే.

అయితే "బయో" అన్న మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. దానిలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ఆ ప్లాస్టిక్ దేనితో చేశారు. రెండు, చివరికి అది ఏమవుతుంది. బ్రెజిల్‌లో 2010 నుంచి చెరకుతో పాలిథిన్ చేస్తున్నారు. పుట్టుక చెరకే, అయినా మట్టిలో మామూలు పాలిథిన్ లాగే ఉండిపోతుంది. పీబీఏటీ అనే ఇంకో ప్లాస్టిక్ చమురు నుంచి వస్తుంది, కానీ సూక్ష్మజీవులు దాన్ని తినగలవు. చాలా పిండి సంచుల్లో ఇది కూడా కలుస్తుంది. ఇక పీఎల్ఏ కుళ్లాలంటే దాదాపు 60 డిగ్రీల వేడి, తేమ ఉన్న పెద్ద కంపోస్టు కేంద్రం కావాలి. మన కొండల మీది చల్లటి నేలలో, గెడ్డ నీళ్లలో అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మందు కలిపి ముక్కలయ్యేలా చేసే ఆక్సో రకం మరీ మోసం. ముక్కలు చిన్నవవుతాయి గానీ పోవు. యూరప్ దేశాలు 2021లో దాన్ని నిషేధించాయి.

మన చట్టాలు కూడా మారుతూ వచ్చాయి. చేతి సంచి కనీసం 20 మైక్రాన్ల మందం ఉండాలని 1999 నియమాలు. 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్, థర్మోకోల్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషేధం. కుళ్లిపోయే సంచులకు మందం నియమం వర్తించదు గానీ, వాటి మీద కంపోస్టబుల్ అన్న మాట, కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం నంబరు ఉండాలి. దుకాణంలో పచ్చ సంచి ఇస్తే మీరు ముందు ఈ నంబరు వెతకండి.

మా పెరట్లో గుంటలు

సభ నుంచి వచ్చాక సెప్టెంబరులో వంటశాల వెనక నాలుగు గుంటలు తవ్వాం. మొదటి దానిలో అడ్డాకు విస్తరి. రెండో దానిలో పేపరు గ్లాసు. మూడో దానిలో టౌనులో ఒక దుకాణంలో ఇచ్చిన "ఎకో" సంచి. నాలుగో దానిలో మామూలు కవరు. పిల్లలు తేదీలు రాసి కర్రలు పాతారు.

డిసెంబరులో తవ్వితే విస్తరి లేదు, వెదురు పుల్లలు మాత్రం మిగిలాయి. పేపరు గ్లాసులో పేపరు పోయి, పల్చటి పొర గ్లాసు ఆకారంలోనే నిలబడి ఉంది. పేపరు గ్లాసు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుందని అప్పటిదాకా చాలామంది పిల్లలకు తెలియదు, నిజం చెప్పాలంటే మాలో ఒకరిద్దరికి కూడా. ఎకో సంచి కడిగితే మళ్లీ వాడుకోవచ్చేమో అన్నట్టుంది. దాని మీద పచ్చ ఆకు బొమ్మ ఉంది, నంబరు లేదు. మామూలు కవరు సంగతి మీకు తెలిసిందే.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకు వద్దాం. ఆకులో తినడం బీదతనమా? పెళ్లిళ్లలో, గుళ్లలో పెద్దపెద్దవాళ్లు కూడా ఆకులోనే తిన్నారు. కొన్నేళ్ల కిందట జర్మనీలో ఒక కంపెనీ ఆకుల్ని కలిపి నొక్కిన ప్లేట్లు తయారుచేసి కొత్త ఆవిష్కరణలాగా అమ్మింది. అక్కడ గొప్ప అయినది ఇక్కడ చిన్నతనం ఎలా అవుతుంది? ఇంతవరకు జవాబు సులువే.

కష్టమైనది రెండో సగం. అడ్డాకు కోసం తెల్లవారకముందే కొండెక్కేది మన ఆడవాళ్లే. ఆకులు కోసి, ఆరబెట్టి, కట్టలు కట్టి, మోసుకొచ్చి సంతలో అమ్మితే చేతికొచ్చేది కొంచెం. మెషీన్ మీద నొక్కి, అట్ట పెట్టి, నగరంలో అమ్మేవాళ్లకు వచ్చేది ఎక్కువ. లక్క కథలో జరిగింది ఇదే. ప్లాస్టిక్ మీద నిషేధాలు వచ్చేకొద్దీ ఆకుకు గిరాకీ పెరుగుతుంది. అప్పుడు ఒకే తీగ నుంచి పదిమంది కోస్తే తీగ కూడా మిగలదు. ఆకు మళ్లీ చిగురించేదాకా ఆగాలని పెద్దవాళ్లకు తెలుసు. గిరాకీకి తెలియదు.

2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కు రాసింది. ఆ జాబితాలో వెదురు, తేనె, లక్క పేరుపేరునా ఉన్నాయి. 2013-14లో కేంద్రం మొదలుపెట్టిన కనీస మద్దతు ధర పథకం తొలి జాబితాలోనూ లక్క ఉంది. 1956 నుంచి విశాఖలో ఉన్న గిరిజన సహకార సంస్థ చింతపండు, తేనె, తపసి బంక కొంటోంది. కాగితాల్లో దారి ఉంది. చదువుకున్న మీరు గ్రామసభకు వెళ్లి, ఆకు ధర ఎవరు నిర్ణయిస్తున్నారని ఒక్కసారి అడిగితే ఎలా ఉంటుందో చూడాలని మాకు ఉంది. మీలో బీఎస్సీ, బీటెక్ చదివేవాళ్లు ఉన్నారు. లక్క మీద, ఆకుల మీద, జిగుర్ల మీద పరిశోధన చేసే ఆదివాసీ పిల్ల ఒకతె మా హాస్టల్ నుంచి వెళ్లాలన్నది మా ఆశ. ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు చెట్ల రంగుల్ని మళ్లీ వెతికి తెచ్చి లక్క బొమ్మలకు వేయించారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాయి. అంకుడు కర్ర, లక్క, చెట్ల రంగు, అన్నీ అడవివే. పోయిన వస్తువు తిరిగి రావడం అసాధ్యమేమీ కాదు.

ఈ సంవత్సరం మా హాస్టల్‌లో ఆగస్టు 9 భోజనానికి పిల్లలే విస్తర్లు కుట్టాలని తీర్మానం చేసుకున్నారు. కుట్టడం వాళ్లలో చాలామందికి రాదు. పక్క ఊరి నుంచి ఒక పెద్దమ్మను పిలిపించాం. ఆమె వచ్చి, పిల్లలు విరగ్గొడుతున్న పుల్లలు చూసి తిడుతూనే నేర్పుతోంది. ఆకులకు, నేర్పినందుకు ఆమెకు ఎంతివ్వాలో మాలో మేము రెండుసార్లు చర్చించుకున్నాం. చివరికి ఆమెనే అడిగాం. ఆమె చెప్పిన మొత్తం మేము అనుకున్నదానికంటే ఎక్కువ. అదే ఇచ్చాం.

ఎకో సంచిని మళ్లీ గుంటలో పెట్టేశాం. ఈసారి పక్కన పశువుల ఎరువు కుప్ప వేసి, దాని నడుమ రెండో సంచి ఒకటి కప్పాం, వేడికి తేడా ఉంటుందేమో చూద్దామని. ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు పదిలో ఉంది, నోటుపుస్తకంలో తేదీ రాసుకుంది. దసరా సెలవులు అయ్యాక తవ్వుతాం.